ఎవరి పరుగు

ఆఫ్రా కంటే ముందు ఆమె మొహం మా ఊరికి వచ్చింది. ఒబర్‌గ్రీస్ కొండ ఎక్కే కేబుల్ కారు క్యాబిన్లన్నిటికీ ఎగాన్ ఆమె బొమ్మ అంటించాడు. హెల్మెట్ పెట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న బొమ్మ. దాని కింద "మన లోయ ధైర్యం" అని పెద్ద అక్షరాలు. ఆ పిల్లది మా లోయే కాదు. నా భర్త కాసియన్ చెల్లెలి కూతురు. పుట్టిందీ పెరిగిందీ ఇన్స్‌బ్రుక్ పట్నానికి అవతల. కేబుల్ కార్లన్నీ ఎగాన్‌వి. ఫిబ్రవరిలో కూర్చుని స్కీ చేసేవాళ్ళ ప్రపంచకప్ పోటీ మా వాలు మీద జరగబోతోంది, టీవీ వాళ్ళు వస్తారు, కాబట్టి లోయకి ఒక ధైర్యం అవసరమైంది. దొరికింది, అంటించాడు.

నవంబరులో మొదటి మంచు పడ్డ వారంలో ఆఫ్రా వచ్చింది. ఇరవై మూడేళ్ళది. మోటారు సైకిల్ మీంచి పడ్డప్పటి నుంచీ రొమ్ము కింద నుంచి ఆమెకి కదలికా లేదు, స్పర్శా లేదు. మాది చిన్న అతిథిగృహం, మా అమ్మ నుంచి నాకు వచ్చినది. కింద గదికి గడప తీయించి, స్నానాలగది తలుపు వెడల్పు చేయించి ఆమెకి ఇచ్చాం. వచ్చిన సాయంత్రమే నన్ను పిలిచి, మొహమాటపడితే మనిద్దరికీ చలికాలం గడవదని చెప్పింది. మూత్రం గొట్టం ఎక్కడుందో, కాలికి కట్టే సంచి ఎలా ఖాళీ చేయాలో చూపించింది. రోజూ వీపూ పిర్రలూ కాళ్ళూ ఎక్కడైనా ఎర్రబడ్డాయేమో చూడాలంది. కమిలినా, కాలినా, కోసుకున్నా ఆమెకి తెలియదు.

"నాకు కనబడదు, తెలియదు. నువ్వు చెప్తేనే తెలిసేది. చిన్న మచ్చయినా దాచకు అత్తా," అంది.

దాచనన్నాను.

నవ్వించే పిల్ల. తన రెండు కాళ్ళకీ వాళ్ళ నాన్న మేనత్తల పేర్లు పెట్టుకుంది. ఇద్దరూ పుల్ల తీసి పక్కన పెట్టరట, ఎక్కడికి వెళ్ళినా మోసుకెళ్ళాలట. వంటింట్లో నా పక్కన కుర్చీ నిలుపుకుని బంగాళాదుంపల తొక్క తీసేది. తొక్కతో పాటు సగం దుంప పోయేది. అదేమిటే అంటే, తను స్కీ ఛాంపియన్ననీ, వంటలక్కని కాదనీ అనేది. అతిథులు దిగివచ్చి ఆ నవ్వులకి వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయేవాళ్ళు. మాకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో అంత చప్పుడు మా అమ్మ పోయాక మళ్ళీ అప్పుడే విన్నాను.

పొద్దున్నే, అతిథులకి కేబుల్ కారు తెరవక ముందే, కాసియన్ ఆమెని పైకి తీసుకెళ్ళేవాడు. ఒకే ఒక స్కీ మీద స్ప్రింగు, దాని మీద తొట్టిలాంటి కుర్చీ. అందులో ఆమెని కూర్చోబెట్టి తొడల దగ్గర, నడుం దగ్గర పట్టీలు బిగిస్తాడు. చేతుల్లో రెండు కర్రలు, వాటి చివర పొట్టి స్కీలు. మిగతా వాళ్ళు తుంటితో, పొట్టతో తిరిగే మలుపు ఆమె భుజాలతో, మెడతో తిరగాలి. మధ్యాహ్నం నేను వేడి సూపు పట్టుకెళ్ళి వాలు కింద నిలబడి చూసేదాన్ని. వాలు మీద పాతిన నీలం గడల, ఎర్ర గడల మధ్య నుంచి ఆమె దూసుకొస్తుంటే, ఆ కుర్చీలో ఉన్నది ఇందాక నేను మేజోళ్ళు తొడిగిన మనిషేనా అనిపించేది. పడేది కూడా. భుజం మీద దభీమని పడి, మంచులో ఈడ్చుకుపోయి, లేచి, కొండంతా వినబడేలా బూతు తిట్టి, మళ్ళీ మొదలుపెట్టేది.

నా భర్త మంచి కోచ్. ఆ మాట చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. వయసులో ఉన్నప్పుడు తనూ పందేల్లో దిగాడు, ఎప్పుడూ నాలుగో వాడో ఐదో వాడో. ఆ తర్వాత ఊళ్ళో పిల్లలకి నేర్పిస్తూ ఉండిపోయాడు. ఆఫ్రాకి మెడల్ వస్తే స్కీ స్కూలు పెద్దరికం అతనికే అని ఎగాన్ కాసియన్ చెవిలో వేశాడు. అప్పటి నుంచీ కాసియన్ నిద్రలో కూడా మలుపులు తిరిగేవాడు.

డిసెంబరులో స్విట్జర్లాండులో ఒక పోటీ జరిగింది. ఆఫ్రా ఎనిమిదోది అయింది. తనకి సంతోషమే, కిందటేడు పదమూడోది. కాసియన్ మాత్రం దారి పొడుగునా ముందు వచ్చిన ఏడుగురి పేర్లే వల్లించాడట. మర్నాడు ఎగాన్ మా వంటింటికి వచ్చాడు. వచ్చినవాడు ఊరికే ఉండడు కదా, సూపులో వేయడానికి నేను చేసిన రొట్టె ఉండలు పళ్ళెంలో వేయించుకుని కూర్చున్నాడు. ఆఫ్రా ఎదురుగా ఉండగానే, ఆమె గురించి నాతో, కాసియన్‌తో మాట్లాడాడు. ఈ అమ్మాయిని చూస్తే జనం ఏడుస్తారట. ఏడ్చిన వాళ్ళు మళ్ళీ వస్తారట. ఎనిమిదో స్థానానికి ఎవరూ ఏడవరట. టీవీ వాళ్ళు బయట ఉన్నారు, ఒక ఫోటో తీయాలి, ఒళ్ళో దుప్పటి తీసేస్తే కాళ్ళు బాగా కనబడతాయి అన్నాడు. అంటూ నెయ్యి అంటిన చేత్తో ఆమె కుర్చీ పట్టుకుని తలుపు వైపు తిప్పాడు.

"ఎగాన్ గారూ," అంది ఆఫ్రా, "నాకు చెవులు పనిచేస్తాయి. పోయింది కింద భాగం."

అతను పగలబడి నవ్వాడు. ఇదే, ఈ చలాకీతనమే టీవీ ముందు కావాలన్నాడు. నేను వెనకాలే వెళ్ళి దుప్పటి మళ్ళీ కప్పాను. కుర్చీ పిడి మీద జిడ్డు తుడిచాను. అతను తిన్న పళ్ళెం తోమబుద్ధి కాక తొట్టిలో అలాగే వదిలేశాను. ఆ పూట ఆఫ్రా కొంచెం నవ్వు తగ్గించింది. తనకి మెడల్ కావాలా అని అడిగితే, నిన్నటి దాకా అంతగా లేదు, ఇవాళ కావాలంది. ఆ బొమ్మల్లో ఉన్న పిల్ల ఊరికే కూర్చుని నవ్వేది అనుకుంటున్నారు అందరూ, గెలిస్తే ఆ పని చేసేది అని తెలుస్తుందంది.

జనవరిలో ఆమె వేగం పెరిగింది. కాసియన్ ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చేవాడు. ఎన్నడూ లేనిది నా నడుం చుట్టూ చెయ్యి వేశాడు. నేను కూడా సంతోషపడ్డాను. అయితే ఆఫ్రా ఇంటికి వచ్చేసరికి మొహం కందగడ్డలా ఉండేది. బయట గడ్డకట్టే చలి, ఆమె నుదుటి మీంచి చెమట ధార. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉండేవి. తల పగిలిపోతోందని కిటికీ తెర వేసి పడుకునేది. ఎండ పడలేదనేది.

ఆ గుర్తులు నాకు తెలుసు. ప్రమాదం తర్వాత ఆమెని ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రిలో మా అందరినీ కూర్చోబెట్టి చెప్పారు, కాసియన్ నా పక్కనే ఉన్నాడు. కింద ఏదైనా నొప్పి కలిగితే, అంటే మూత్రం నిండిపోయినా, గోరు లోపలికి పోయినా, ఆమెకి తెలియదు కానీ ఒంటికి తెలుస్తుంది. ఒళ్ళు భయపడి రక్తపోటుని ఒక్కసారిగా పైకి తోస్తుంది. కారణం కనిపెట్టి తీసేయకపోతే తలలో నరం చిట్లి పోవచ్చు. అలా చెప్పిన డాక్టరు మొహం కూడా నాకు గుర్తుంది.

ఒక మధ్యాహ్నం సంచి ఖాళీ చేద్దామని చూస్తే సంచి ఎండిపోయి ఉంది. పొద్దున్నుంచి ఆమె చేత కాసియన్ ఫ్లాస్కు తర్వాత ఫ్లాస్కు టీ తాగించాడు. గొట్టం పట్టుకుని పైకి చూసుకుంటూ వెళ్ళాను. తొడ దగ్గర చిన్న ప్లాస్టిక్ క్లిప్పు, గొట్టాన్ని నొక్కి పట్టుకుని ఉంది. తీసేశాను. ఎంతసేపు కారిందో. గదంతా ఘాటు వాసన. ఆఫ్రా గోడ వైపు చూస్తూ ఉంది. మొహంలో ఎరుపు మెల్లగా దిగిపోయింది.

కొందరు కావాలనే అలా చేస్తారని ఆఫ్రా అప్పుడే చెప్పింది. నొప్పి తెలియని భాగానికి నొప్పి కలిగించి, రక్తపోటు పెంచుకుని, ఆ ఊపుతో పందెంలోకి దిగుతారు. నిషేధమే. అయినా చేస్తారు. మూడు వారాలుగా ఈ పిల్ల చావుతో ఆడుకుంటూ వచ్చి నా వంటింట్లో జోకులు వేస్తోంది. నా మొగుడు ఈల వేస్తున్నాడు.

నేను తిట్టాను. ఆమె అంతా విని, తిరిగి ఒక్క మాటే అంది.

"నా ఒళ్ళు నాకు మిగిల్చింది ఇదొక్కటే అత్తా. దీన్ని కూడా వాడుకోవద్దంటావా?"

నేలమాళిగలోకి దిగాను. కాసియన్ స్కీకి మైనం పూస్తున్నాడు. అడిగితే, క్లిప్పు తను పెట్టలేదనీ, ఆమే పెట్టుకుంటుందనీ, తను చూడలేదనీ చెప్పాడు. చూడలేదంటూనే, అందరూ చేసేదే కదా అన్నాడు. మైనం కరిగించే ఇస్త్రీపెట్టె స్కీ మీద ఆగకుండా నడుస్తూనే ఉంది. ఆ పిల్ల మళ్ళీ ఇలా చేస్తే పోటీ వాళ్ళకి ఫోన్ చేసి చెప్తానన్నాను. ఆమెకి మెడల్ వస్తే చూడలేవా అన్నాడు, ఓర్వలేని మనిషిని అడిగినట్టు. మైనం పొగలో అతని మొహం చూడడానికి వెగటు పుట్టి పైకి వచ్చేశాను.

ఆ సాయంత్రం ఆఫ్రా క్లిప్పు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇక చెయ్యనంది, చెయ్యలేదు కూడా. రోజూ నేనే వెతికేదాన్ని. వేగం తగ్గింది. కాసియన్ ఈల ఆగింది. కొన్నాళ్ళు ముగ్గురం ఒక బల్ల దగ్గర తింటూ ఎవరి పళ్ళెంలోకి వాళ్ళం చూసుకున్నాం.

తర్వాత కాసియన్ మారాడు. లేదా మారాడని మేమిద్దరం అనుకున్నాం. నాకు అతిథుల పని ఎక్కువైందనీ, ఆఫ్రా కాళ్ళ సంగతి తను చూసుకుంటాననీ అన్నాడు. పైకి వెళ్ళేటప్పుడు మేజోళ్ళూ బూట్లూ తనే తొడిగేవాడు, వచ్చాక తనే విప్పి, పాదాలు తుడిచి, ఉన్ని సాక్సులు వేసేవాడు. మోకాళ్ళ మీద కూర్చుని మేనకోడలి పాదాలు తుడుస్తున్న మొగుణ్ణి చూసి నా కోపం సగం కరిగింది. వీపూ పిర్రలూ నావి, పాదాలు అతనివి.

ఆఫ్రా మళ్ళీ వేగం అందుకుంది. ఈసారి మునుపటి కంటే ఎక్కువ. ఒకరోజు వాలు కింద నా సూపు గిన్నె కూడా తీసుకోకుండా, కర్ర ఎత్తి కాసియన్ చేతిలోని గడియారం చూపించింది.

"చూశావా అత్తా? క్లిప్పు లేదు, ఏమీ లేదు. ఇది నాది," అంది. కళ్ళలో నీళ్ళు.

నేను వంగి ఆమె హెల్మెట్ మీద ముద్దు పెట్టాను. కాసియన్ గడలు సరిచేసే మిషతో అవతలకి వెళ్ళాడు. తలనొప్పి మాత్రం మళ్ళీ వచ్చింది. మళ్ళీ క్లిప్పు పెడుతోందేమోనని అనుమానపడి, అలా అనుమానపడ్డందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. గొట్టం తెరిచే ఉండేది. సంచి నిండేది. ఎండే కావచ్చు అనుకున్నాం ఇద్దరం.

పోటీ శనివారం. శుక్రవారం కాసియన్ అధికారులతో పైన వాలు చూడ్డానికి వెళ్ళాడు, ఆఫ్రాకి విశ్రాంతి. బూట్లు ఆరబెడదామని పొయ్యి దగ్గర పెట్టి, లోపలి మెత్తటి అట్ట బయటికి లాగాను. ఎడమ బూటులో బొటనవేలు ఆనే చోట అట్ట కింద ఏదో ఎత్తుగా ఉంది. స్కీ కుర్చీకి వాడే ఇనప నట్టు. ఎక్కడినుంచో జారిపడింది కాదు. నాలుగు వైపులా వెండి రంగు టేపు వేసి, కదలకుండా అంటించి ఉంది. ఆ టేపు చుట్ట మా నేలమాళిగలో మేకుకి వేలాడుతూ ఉంటుంది.

టేపు పీకి, నట్టు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆఫ్రా క్యారెట్లు తరుగుతోంది. బల్ల మీద నట్టు పెట్టి, ఎక్కడ దొరికిందో చెప్పాను. ఆమె దాన్ని తీసుకుని అరచేతిలో తిప్పి చూసింది.

"ఏ కాలు?"

"ఎడమది."

సాక్సు తీయమంది. తీశాను. పైకి కనబడేదేమీ లేదు. పాదం ఎత్తి పట్టుకుంటే బొటనవేలి కింద చుట్టూ తెల్లగా నానిపోయిన చర్మం, మధ్యలో గుంట, గుంటలో పసుపు, నలుపు. వాసన. రోజూ ఈ పాదాన్ని తుడిచినవాడు రోజూ దీన్ని చూశాడు. చూసి, మళ్ళీ పొద్దున్నే తెచ్చి అదే బూటులో పెట్టాడు. నేను ముందు గదిలోకి పరుగెత్తి డాక్టరుకి ఫోన్ చేశాను.

వెనక్కి వచ్చేసరికి ఆఫ్రా ఆ పాదం వంకే చూస్తోంది, ఎవరిదో పరాయి వాళ్ళది చూస్తున్నట్టు.

"అయితే ఆ పరుగులు నావి కావన్నమాట," అంది.

మా లోయ డాక్టరు వచ్చి పుండు కడిగి, కట్టు కట్టి, సూది మందు ఇచ్చాడు. ఎముక దాకా పోయి ఉండొచ్చు, వెంటనే ఇన్స్‌బ్రుక్ తీసుకెళ్ళమన్నాడు. నేను కారు తాళాలు తీశాను. ఆఫ్రా కదలనంది. రేపు ఒక్కరోజు కావాలంది. క్లిప్పు లేకుండా, నట్టు లేకుండా తను ఎంతో తనకి తెలియాలంది. తిట్టాను, బతిమాలాను. చివరికి ఒక్క షరతు మీద దిగివచ్చాను: పైన, పందెం మొదలయ్యే చోట, పోటీ డాక్టరు ఆమె రక్తపోటు చూడాలి. ఆ డాక్టరు సరే అంటే సరే, కాదంటే కాదు. ఆఫ్రా ఒప్పుకుంది.

కాసియన్ భోజనాల వేళకి వచ్చాడు. నన్ను మాట్లాడవద్దని ఆఫ్రా ముందే ఒట్టు వేయించుకుంది. నట్టు మాత్రం తీసుకెళ్ళి అతని పళ్ళెం పక్కన పెట్టింది. అతను కూర్చున్నాడు, చూశాడు. పొయ్యి దగ్గర విప్పి ఉన్న బూట్లని చూశాడు. రేపు తనకి అత్త తొడుగుతుందని, పైన కూడా అత్తే కడుతుందని ఆఫ్రా చెప్పింది. అతను తల ఊపాడు. కత్తి మొనతో నట్టుని పక్కకి జరిపి, ఆ జాగాలో రొట్టె పెట్టుకున్నాడు. సూపు రెండోసారి వేయమని గిన్నె నా వైపు తోశాడు.

ఇరవై ఏళ్ళు ఆ మనిషికి వండి పెట్టాను. గిన్నె తీసి తొట్టిలో వేశాను.

శనివారం ఆకాశం నీలంగా, తుడిచిన గాజులా ఉంది. కింద ఎగాన్ లౌడ్‌స్పీకర్లు, ఇత్తడి బాజాలు. పైన ఒక చెక్క పాక, అందులో పందెగాళ్ళు, వాళ్ళ కోచ్‌లు, గజగజలాడించే మంచు గాలి. ఆఫ్రా పాదానికి కట్టు మీద వదులైన బూటు తొడిగాను. పట్టీలు ఆమె చెప్పినట్టు బిగించాను. గొట్టం తెరిచి ఉందని ఇద్దరం చూసుకున్నాం. పోటీ డాక్టరు నార్వే నుంచి వచ్చిన పొడుగాటి ఆడమనిషి. ఆఫ్రాయే ఆమెని పిలిచి చెయ్యి చాపింది, కారణం కూడా చెప్పింది. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు, చేతికి రక్తపోటు పట్టీ చుట్టింది.

చూసి, కాసేపు ఆగుదాం అంది. ఆఫ్రాని నిటారుగా కూర్చోబెట్టి, నడుం పట్టీ వదులు చేయమంది. ఆగాం. అవతల ఒక్కొక్కళ్ళ పేర్లే పిలుస్తున్నారు, ఒక్కొక్కళ్ళే వాలులోకి దూకుతున్నారు. మళ్ళీ చుట్టింది. రెండోసారి చూసి, పట్టీ విప్పకుండానే ఆఫ్రా మొహంలోకి చూసింది.

ఆ పుండు ఉన్నంత కాలం రక్తపోటు దిగదనీ, ఈ ఒంటితో నిన్ను కిందికి వదలలేననీ చెప్పింది. కట్టు కట్టినా, నట్టు తీసేసినా, ఒళ్ళు మర్చిపోదట.

తలుపు దగ్గర నిలబడ్డ కాసియన్ ముందుకు వచ్చాడు. పిల్ల కంగారు పడుతోందనీ, పోటీ అంటే ఎవరికైనా గుండె కొట్టుకుంటుందనీ డాక్టరుకి సర్దిచెప్పబోయాడు. ఆమె పట్టీ విప్పి చుట్టేసింది. ఆఫ్రా హెల్మెట్ విప్పి, నంబరు చొక్కా తల మీంచి లాగి, మడిచి ఒళ్ళో పెట్టుకుంది. వాలు వైపు ఒకసారి చూసింది. ఆ పూట మంచు ఎంత బాగుందో నాలాంటిదానిక్కూడా తెలుస్తోంది.

కేబుల్ కారులో కిందికి దిగాం. ఆ క్యాబిన్ అద్దానికి కూడా ఆమె బొమ్మ. లోపలి నుంచి చూస్తే అక్షరాలు తిరగబడి కనబడుతున్నాయి. సగం దూరం వచ్చాక ఆఫ్రా ఏడ్చింది. తనకి ఒక్కసారి, ఒకే ఒక్కసారి దిగి చూసుకునే వీలు కూడా లేకుండా చేశాడంది. నేను ఆమె తల పట్టుకుని కూర్చున్నాను. కింద లౌడ్‌స్పీకరులో, మన లోయ ధైర్యం జ్వరం వల్ల ఇవాళ పాల్గొనడం లేదని చెప్తున్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆఫ్రాని మా కారులో ఎక్కించేసరికి ఎగాన్ ఒగరుస్తూ వచ్చాడు. దిగకపోతే పోయింది, బహుమతుల వేళ గెలిచిన వాళ్ళకి పూలిస్తే చాలు, జనం ఇంకా ఎక్కువ ఏడుస్తారన్నాడు. నేను కిటికీ అద్దం పైకి ఎత్తేశాను. అతని వేళ్ళు అందులో ఇరుక్కుంటే బాగుండుననుకున్నాను. ఇరుక్కోలేదు.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెప్తాను. ఇన్స్‌బ్రుక్‌లో ఆమె బొటనవేలు తీసేశారు. పోటీ సంఘం వాళ్ళు అడిగితే ఆఫ్రా అంతా చెప్పింది, నట్టు సంగతే కాదు, తన క్లిప్పు సంగతి కూడా. అడగని దాన్ని చెప్పడమెందుకని అక్కడి లాయరు చెవిలో అన్నాడట, అయినా చెప్పింది. ఆమెని ఒక సీజను నిషేధించారు. కాసియన్‌ని ఇక పందెగాళ్ళకి కోచ్‌గా ఉండకూడదన్నారు. ఎగాన్ బొమ్మలు పీకించి, కొత్త హోటలు బొమ్మలు అంటించాడు. టూరిస్టుల పిల్లలకి నేర్పించడానికి నిషేధం అడ్డు రాదు కదా అని కాసియన్‌కి స్కీ స్కూల్లో పని ఇచ్చాడు. ఇప్పటికీ చేస్తున్నాడు. తల్లులు అతన్ని మెచ్చుకుంటారని వింటాను. ఆఫ్రా మా కింద గదిలోనే ఉంది. ఇప్పుడు కొత్త కోచ్ ఉంది, కొండకి అవతలి వైపు నుంచి వస్తుంది.

కాసియన్ నా ఇంట్లోంచి వెళ్ళింది మాత్రం ఆస్పత్రికి వచ్చిన రోజున. వేలు తీసేసిన మూడో నాడో నాలుగో నాడో, అతను కేకుల డబ్బా పట్టుకుని వచ్చాడు. తల శుభ్రంగా దువ్వుకున్నాడు. మంచం పక్కన నిలబడి, మెడల్ ఆమె కోసమే కావాలనుకున్నాననీ, ఆమె కష్టమంతా వృథా అవుతుంటే చూడలేకపోయాననీ చెప్పుకొచ్చాడు. ఆఫ్రా దుప్పటి మీద చేతులు పెట్టుకుని వింటోంది. ఆమె అలా వినడం చూసి అతనికి ధైర్యం వచ్చినట్టుంది. గొంతు తగ్గించి, దగ్గరికి వంగాడు.

"అయినా నీకు నొప్పి తెలియదు కదమ్మా. తెలిసే మనిషికైతే నేను చేస్తానా?"

అతను నిజంగానే అన్నాడు. అందులో మాయ లేదు. అది విన్నాకే, ఈ మనిషితో ఇక ఒక్క పూట కూడా ఒక కప్పు కింద ఉండలేనని నాకు తెలిసింది.

ఆఫ్రా కోపంగా అనలేదు, పిల్లవాడికి లెక్క చెప్పినట్టు నిదానంగా అంది.

"నాకు తెలియదు కాబట్టే కదా మావయ్యా, నీ చేతికి ఇచ్చాను."

అతను డబ్బా ఎక్కడ పెట్టాలా అని గది అంతా చూశాడు. నా వైపు చాపాడు. నేను చేతులు కట్టుకునే నిలబడ్డాను. ఆ డబ్బా అలాగే పట్టుకుని, తలుపు తనే తెరుచుకుని వెళ్ళిపోయాడు.